సమస్యాపూరణం: హత్య జరిగిన యింటిలో హాయి గలిగె

మెలిక: ఈ వారం సమస్య తేటగీతి ఛందస్సులో. కింద ఇచ్చింది చివరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాసి దానికి అర్థం కుదర్చాలి.

"హత్య జరిగిన యింటిలో హాయి గలిగె"

రెండు రాత్రులు కూర్చుని సోరెన్ స్వైస్ట్రుప్ రాసిన 'చెస్ట్‌నట్ మ్యాన్' చదివాను, ఇంకా అందులోంచి బయటికి రాలేదు. 2018లో వచ్చిన డేనిష్ నవల, ఆయనకి ఇదే మొదటిది, కానీ అంతకుముందే 2007లో వచ్చిన 'ఫోర్‌బ్రుడెల్సెన్' టీవీ సీరియల్ రాసిన మనిషి కాబట్టి ఏ అధ్యాయం ఎక్కడ ఆపితే మనకి నిద్ర పట్టదో బాగా తెలుసు. అక్టోబరు నెల, కోపెన్‌హాగెన్ శివారు, పిల్లలు ఆడుకునే చోట ఒక ఆడమనిషి శవం. ఒక చెయ్యి లేదు. పైన వేలాడుతూ రెండు చెస్ట్‌నట్ కాయలకి అగ్గిపుల్లలు గుచ్చిన చిన్న బొమ్మ. హత్యలు ఒకటితో ఆగవు, బొమ్మ ప్రతిచోటా ఉంటుంది.

పూరణ ఈ నవలనో, దాన్ని చదవడాన్నో పట్టుకోవాలి. హంతకుడెవరో మాత్రం దయచేసి చెప్పకండి.

వానచినుకు: నా ప్రయత్నం.

కథను చదువగ గూర్చుంటి కంబళమున;
పొగలు చిమ్మెడి టీకప్పు, బుక్కు తోడు;
పుటల డెన్మార్కు వానలో పొద్దు గూక
హత్య జరిగిన, యింటిలో హాయి గలిగె

హత్య జరిగింది పుస్తకంలో, హాయి మా ఇంట్లో. 'జరిగిన' దగ్గర విరిచాను, 'జరిగితే' అనే అర్థంలో.

పాత పంతులు: విరుపు ఆలోచన బాగుందమ్మా, రెండో పాదంలో పొ-బు యతి, అంటే పాదం మొదటి అక్షరంతో నడుమ కుదరాల్సిన మైత్రి, కూడా సరిపోయింది. కానీ 'జరిగితే' అనే అర్థం రావాలంటే అది చేదర్థకం, అంటే షరతు చెప్పే రూపం; అది ద్రుతాంతం, చివర న-కారం దాగి ఉంటుంది. అచ్చు పరమైతే 'జరిగిన నింటిలో' అవుతుంది గానీ మధ్యలో 'య' చేరే యడాగమం రాదు. సమస్యలో 'యింటిలో' అని ఇచ్చారు కాబట్టి అక్కడ 'జరిగిన' విశేషణమే, విరవడానికి వీల్లేదు.

వానచినుకు: అయ్యో, నిజమే మాస్టారు. ఇంకో దారి చూస్తాను.

మెలిక: మధ్యలో వచ్చిన ఒక పూరణ తీసేశాను. ఛందస్సు చక్కగా ఉంది, కాకపోతే మూడో పాదంలో హంతకుడి పేరు ఉంది. రాసినవారు ఏమీ అనుకోవద్దు, ఆ పాదం మార్చి మళ్ళీ పెట్టండి.

ఉత్తరాది చలి: నేను ఉండేది కోపెన్‌హాగెన్‌లోనే, అందుకే ముందు ఆ బొమ్మ గురించి ఒక మాట. ఇక్కడ ఆకులు రాలే కాలంలో పిల్లలు పార్కుల్లో ఈ కాయలు ఏరుకొస్తారు, తినే రకం కాదు, గుర్రపు చెస్ట్‌నట్ అంటారు. తొక్క విప్పగానే చింతగింజలా నున్నగా, గోధుమరంగులో మెరుస్తుంది. సూదితోనో చిన్న బెజ్జాల సాధనంతోనో కన్నం పెట్టి, పుల్లలు గుచ్చితే చేతులూ కాళ్ళూ. మా పాప చేసినవి కిటికీ దగ్గర వరసగా పెట్టి ఉన్నాయి. మన ఊళ్ళో ముంజకాయల బండి ఎంతో వీళ్ళకిది అంత. ఆ బండి శవం పక్కన కనిపిస్తే మనకెలా ఉంటుందో ఊహించుకోండి, ఈ నవల చదివాక ఆ కిటికీ వైపు చూడటానికి నాకు కొన్నాళ్ళు పట్టింది.

పూరణ:

వెదకి యలసిన కూతురి వేలిముద్ర
చిట్టి కాయల బొమ్మపై చిక్కెననుచు
తెలియ నాశతో మంత్రిణి తేరుకొనగ
హత్య జరిగిన యింటిలో హాయి గలిగె

గోదారి గట్టు: ఇది అసలైన పూరణండీ! నవలలో సాంఘిక వ్యవహారాల మంత్రి రోసా హార్టుంగ్ కూతురు ఏడాది క్రితం మాయమైంది, చంపానని ఒకడు ఒప్పుకున్నాడు, శవం మాత్రం దొరకలేదు. ఇప్పుడు ఆ పిల్ల వేలిముద్ర బొమ్మ మీద. ఒక్క సందేహం. శవం దొరికింది ఆటస్థలంలో, మంత్రి ఉండేది వేరే చోట. మరి 'హత్య జరిగిన ఇల్లు' ఏది?

ఉత్తరాది చలి: మంత్రి ఇల్లేనండీ. 'చావు జరిగిన ఇల్లు' అంటాం, ఆ మనిషి ఆసుపత్రిలో పోయినా, రోడ్డు మీద పోయినా. ఏడాదిగా లోకమంతా ఆ ఇంటిని హత్య జరిగిన ఇల్లుగానే చూస్తోంది, ఆ తల్లి సెలవు ముగించుకుని మళ్ళీ పనిలోకి వచ్చిన రోజునే ఈ కబురు.

పాత పంతులు: ఆ సమర్థన నాకు పూర్తిగా ఒప్పుదల. విరోధం వాడుకలోంచే విడిపోయింది, విరుపులూ గారడీలూ అక్కర్లేకుండా. ఒకటే దిద్దుబాటు, 'తెలియ నాశతో' అని కలిపి చదివితే 'నాశం' వినిపిస్తోంది, ఆశ చెప్పాల్సిన చోట. 'తెలిసి యాశతో' అనండి. 'తెలిసి' క్త్వార్థకం, అంటే ముందు జరిగిన పనిని చెప్పే రూపం, కాబట్టి యడాగమం వస్తుంది, గణమూ (గురులఘువుల లెక్క) చెడదు, తె-తే యతి అలాగే ఉంటుంది.

వానచినుకు: నాకు మాత్రం 'హాయి' దగ్గర మనసు ఒప్పుకోవట్లేదు. ఆ ఆశ ఆవిడకి నరకం కదా, పిల్ల పోయిందని ఎలాగో మనసు గట్టి చేసుకున్నాక మళ్ళీ బతికుందేమో అనిపించడం, ఆ టెన్షన్‌ని హాయి అనగలమా?

ఉత్తరాది చలి: మీరన్నది నిజమే. తర్వాతి పుటల్లో నరకమే. నేను చెప్పింది కబురు విన్న ఆ ఒక్క క్షణం గురించి, అందుకే 'తేరుకొనగ' అన్నాను. 'హాయి' అంతకంటే ఎక్కువ మోయలేదు. మాస్టారి సవరణతో మళ్ళీ పెడుతున్నాను.

వెదకి యలసిన కూతురి వేలిముద్ర
చిట్టి కాయల బొమ్మపై చిక్కెననుచు
తెలిసి యాశతో మంత్రిణి తేరుకొనగ
హత్య జరిగిన యింటిలో హాయి గలిగె

పాత పంతులు: ఇప్పుడు బిగువుగా ఉంది. ఆ నవల నేనింకా చదవలేదు, రేపే తెప్పించుకుంటాను.