కర్నూలులో మూడున్నరేళ్ల పాపకు అంగన్‌వాడీనా, ప్రైవేటు నర్సరీనా?

ప్రశ్న: మాది కల్లూరు వైపు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. పాప అన్ని రకాల పిల్లలతో కలవాలి, ఫీజు భారం ఉండకూడదు. ఏం చేయాలి?

జవాబు 1: అక్కా, అంగన్‌వాడీలో 3 నుంచి 6 ఏళ్ల దాకా ఉచితం, మధ్యాహ్నం అన్నం, గుడ్డు కూడా. కానీ ఒక్కో కేంద్రం సుమారు 400 నుంచి 800 జనాభాకు ఉంటుంది. అంటే మీ వీధి ఎలా ఉంటే తరగతీ అలాగే. పాతబస్తీలో ఉర్దూ పిల్లలెక్కువ, కొత్త కాలనీల్లో వేరు. పొద్దున పదికి వెళ్లి గంట కూర్చోండి. టీచర్ ఏ భాషలో పలకరిస్తుందో, రిజిస్టరులో ఉన్నవాళ్లలో ఎంతమంది నిజంగా వస్తున్నారో తెలుస్తుంది. రెండోదే ముఖ్యం.

జవాబు 2: పేరు రాయించేటప్పుడు జనన ధ్రువీకరణ, ఆధార్, తల్లి ఫోన్ నంబరు తీసుకెళ్లండి. జనన పత్రంలో, ఆధార్‌లో పేరు స్పెల్లింగ్ తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి, ఒకటో తరగతికి వెళ్లినప్పుడు అదే తలనొప్పి. ఐదేళ్లు నిండాక పాప వేలిముద్రలు కూడా ఆధార్‌లో వేయించాలి.

జవాబు 3: ప్రైవేటులో 25 శాతం ఉచిత సీట్లు మన రాష్ట్రంలో ఒకటో తరగతికే, నర్సరీకి కాదు. అందులో ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, అనాథలు, వికలాంగులు తదితరులకు 5, మిగతా పేదలకు 6. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు కూడా ఒకటో తరగతి నుంచే. అందుకే ఈ రెండేళ్లు అంగన్‌వాడీలో వేసి, ఆ ఉచిత సీట్ల నోటిఫికేషన్ కోసం చూడండి. ఉర్దూ మీడియం బడి కావాలంటే ముందే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి.