అప్‌డేట్: స్టఫ్డ్ క్యాప్సికంలో నీరు చేరడం తగ్గింది

క్యాప్సికంలో ఆలూ కూర కూరి మగ్గిస్తే అడుగున నీరు చేరి కాయ మెత్తబడుతోందని అడిగాను కదా, మీరు చెప్పిన పద్ధతిలో తగ్గింది. లోపల ఉప్పు రాయకూడదు, అదే నీరు లాగేది. గింజలు తీసిన కాయల్ని వేడి పెనం మీద 3 నిమిషాలు బోర్లిస్తే తడి ఆరుతుంది. నాలుగు చిన్న కాయలకి రెండు ఉడికిన బంగాళాదుంపలు, 2 చెంచాల వేయించిన శనగపిండి, అంతే కొలత పల్లీల పొడి. తేమ పీల్చేది శనగపిండే; వేయించకపోతే పచ్చివాసన పోదు. నిమ్మరసం బదులు ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి) వేశాను. కూర కూరాక పెనం మీద మూత పెట్టేది 5 నిమిషాలే, తర్వాత తీసేసి సన్నని మంట మీద దొర్లిస్తూ మరో 8 నిమిషాలు. పనీర్ కలపమన్న సలహా మాత్రం వద్దనే అంటాను, అదీ నీరు వదిలేదే.