ఎండాకాలం ఇంట్లో చిన్నపిల్లల్ని ఏం ఆడించాలి? బియ్యం ముట్టనివ్వరు, ఫోన్ వదలరు

ప్రశ్న – నల్లగొండ, ఇద్దరు పిల్లల తల్లి

మేం రెండో అంతస్తులో అద్దెకుంటాం, నెత్తి మీద స్లాబే. పెద్దోడికి ఐదేళ్లు, చిన్నదానికి రెండున్నర. జూన్ 12 దాకా బడి లేదు. పొద్దున తొమ్మిదింటికే బయట నిలబడలేకపోతున్నాం, కిందికి పంపే ధైర్యం లేదు. రోజంతా ఫోనే. సెన్సరీ ప్లే అంటూ వీడియోలు చూసి ఆన్‌లైన్‌లో ఒక కిట్ వెతికాను, పద్దెనిమిది వందలు చెప్తున్నారు. అంత పెట్టడం అవసరమా? ఇంట్లోనే చేద్దామని ఒక పళ్లెంలో బియ్యం పోసి ఇస్తే మా అత్తమ్మ "తినే గింజలతోని ఆటలేంది" అని పళ్లెం లాగేసింది. ఇంకో టెన్షన్ ఏంటంటే చిన్నదానికి తడి ముద్ద ఏదైనా చేతికంటితే ఏడుపే. పెరుగన్నంలో వేలు కూడా పెట్టదు. అక్కలూ, మీరేం చేస్తున్నారో చెప్పండి.

జవాబు – మహబూబ్‌నగర్, అంగన్‌వాడీ టీచర్

చెల్లె, ఆ కిట్ కొనకు. అందులో ఉండేది రంగు ఇసుక, నాలుగు చెంచాలు, ఒక గరాటు. నీ వంటింట్లో అంతకంటే ఎక్కువే ఉన్నాయి. సెన్సరీ ప్లే అంటే కొత్తదేం కాదు. ముట్టుకోవడం, వాసన చూడడం, పోయడం, పిసకడం, చప్పుడు వినడం. మన చిన్నప్పుడు వాకిట్లో మట్టి పిసికాం, బోరింగు కింద తడిశాం. ఇప్పటి పిల్లలకు వాకిలి లేదు, అంతే.

ముందు టైమ్ చూసుకో. నీళ్ల ఆట పొద్దున ఎనిమిదిన్నర లోపు, లేకపోతే సాయంత్రం ఐదు దాటాక. మధ్యాహ్నం చాప మీద కూర్చుని ఆడేవి.

నీళ్లకు పెద్ద టబ్బు అక్కర్లేదు. వెడల్పు తాంబాళంలో నాలుగు వేళ్ల లోతు పోసి చెంబు, జల్లెడ, టీ వడకట్టేది, చిల్లులు పొడిచిన బాటిల్ ఇవ్వు. జల్లెడలో నీళ్లు ఎందుకు నిలవవో మీ పెద్దోడు అరగంట ఆలోచిస్తాడు. చిన్నపిల్లలు ఆ కొంచెం నీళ్లలో బోర్లా పడ్డా ప్రమాదమే, అందుకని ఫోన్ వచ్చినా పక్క నుంచి లేవొద్దు. ఆట అయిపోగానే నీళ్లు పారబోసి తాంబాళం బోర్లించు. గోలెం ఉంటే దాని మీద మూత ఉండాల్సిందే. ఇనుప కూలర్ దగ్గర మాత్రం నీళ్ల ఆట వద్దే వద్దు. తడి చేతులతో కూలర్ ముట్టుకుని షాక్ కొట్టిన మాట ఎండాకాలం వచ్చిందంటే వింటూనే ఉంటాం.

చాప మీద ఆటల్లో నాకు నచ్చింది కార్న్‌ఫ్లోర్. రెండు గ్లాసుల పిండికి ఒక గ్లాసు నీళ్లు, మెల్లగా పోస్తూ కలపాలి. పిడికిట్లో బిగిస్తే గట్టి ఉండ, వదిలితే వేళ్ల సందుల్లోంచి పాలలా జారిపోతుంది. మెల్లగా వేలు పెడితే దిగుతుంది, గట్టిగా గుద్దితే దిగదు. పిండి రేణువులు నీళ్లలో కరగవు, విడివిడిగా ఉంటాయి. ఒక్కసారిగా ఒత్తిడి పడితే ఒకదానికొకటి ఒరుసుకుని బిగుసుకుంటాయి. మీవాడికి ఇదంతా చెప్పక్కర్లేదు, గుద్దనివ్వు. అయిపోయాక సింకులో పోయకు, అడుగున పేరుకుని పైపు మూసుకుపోతుంది. ఎండబెడితే పొడి అవుతుంది, చెత్తలో వెయ్యి.

ఇంకోటి పసుపు. గ్లాసు పసుపు నీళ్లలో చిటికెడు వంట సోడా వేస్తే ఎర్రబడుతుంది. దాంట్లో నిమ్మకాయ పిండితే నురగ పొంగి మళ్లీ పసుపవుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లది కూడా ఇదే లెక్క. సున్నం మాత్రం పిల్లల చేతికియ్యకు, కంట్లో పడితే కాలుతుంది.

జవాబు – మిర్యాలగూడ

మీ అత్తమ్మ అన్నదాంట్లో తప్పేం లేదండీ. మా అమ్మా అంతే. మేం నూకలతో సర్దుకున్నాం. కిలో నూకలు డబ్బాలో పోసి పెట్టాను, పిల్లలు ఆడుకున్నన్నాళ్లు ఆడుకుని చివరికి కోళ్లకు పోతాయి. గింజ వృథా కాదు కాబట్టి ఆమె ఏమీ అనదు. మా ఊళ్లో రైస్ మిల్లులు ఎక్కువ కదా, ఊక ఫ్రీగా దొరుకుతుందని ఒకసారి తెచ్చాను. ఒళ్లంతా దురద, ఇల్లంతా దుమ్ము. అది మాత్రం వద్దు.

జవాబు – దేవరకొండ, నానమ్మ

గింజల ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న. పోయిన ఎండాకాలం నా మనవడు చింతగింజలు ఆడుకుంటూ ఒకటి ముక్కులో దోపుకున్నడు. మూడేళ్లోడు. నేను కంగారుపడి పిన్నీసు తీసిన, కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది. ఆపకపోతే ఇంకా లోపలికి నెట్టేదాన్ని. డాక్టర్ రెండు నిమిషాల్లో తీసిండు. అప్పటి నుంచి మా ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలకు గింజలు లేవు. చింతగింజలు, శనగలు ఏవీ ఇయ్యం. పల్లీలైతే ఇంకొంచెం పెద్దయినదాకా నోట్లోకి కూడా వద్దన్నడు డాక్టర్, గొంతుకు అడ్డం పడితే ఊపిరాడదట.

ఇంకో మాట. మన దిక్కు ఆముదాలు వేసే ఇండ్లు చాలా. ఆ గింజలు చారలు చారలుగా, నున్నగా చూడముచ్చటగా ఉంటయి. పిల్లల చేతికి ఇయ్యొద్దు. నమిలి మింగితే విషం. ఎర్రగా నల్ల చుక్కతో ఉండే గురివింద గింజ కూడా అంతే. ఏ వయసు పిల్లలకైనా వద్దు.

జాతరల్లో నీళ్లలో ఉబ్బే రంగు జెల్లీ గోలీలు అమ్ముతరు చూడు, అవి ఇంట్లకు రానియ్యకు. మింగితే కడుపులోనే ఉబ్బి పేగుకు అడ్డం పడతయి.

ప్రశ్న అడిగినవారు

అమ్మా, ఆ జెల్లీ గోలీలు నిన్ననే ఆన్‌లైన్ కార్ట్‌లో పెట్టాను! తీసేశాను. మరి చిన్నదానికి అలాంటివేం ఇవ్వాలి? ముట్టుకోదు అని చెప్పాను కదా.

జవాబు – జడ్చర్ల, పిల్లల ఆసుపత్రిలో నర్స్

జెల్లీ గోలీల బదులు సబ్జా గింజలు నానబెట్టండి. పావుగంటలో ఒక్కో గింజ చుట్టూ జిగురు పొర వస్తుంది, జారుతుంది, ఒకటి రెండు నోట్లోకి పోయినా నష్టం లేదు. ఉడికించిన సగ్గుబియ్యం చల్లార్చి బీట్‌రూట్ రసంలో వేసినా అంతే. రెండూ ఆ పూటకే, ఈ ఎండకు సాయంత్రానికి పులిసిపోతాయి.

ముట్టుకోకపోతే బలవంతం చేయొద్దు. చెయ్యి పట్టుకుని ముద్దలో ముంచితే రేపటి నుంచి పళ్లెం చూస్తేనే పారిపోతుంది. ముందు పొడివి ఇవ్వండి, నూకలో ఉప్మా రవ్వో. తర్వాత తడివి జిప్ కవర్లో పోసి గట్టిగా మూసి ఇవ్వండి, బయటి నుంచి నొక్కుకుంటుంది, చేతికేమీ అంటదు. ఆ తర్వాత చెంచాతో. పక్కనే చేతులు కడుక్కోవడానికి చిన్న గిన్నెలో నీళ్లు, తువ్వాలు ఉండాలి. కావాలన్నప్పుడు కడుక్కోవచ్చని తెలిస్తే సగం భయం పోతుంది. కొందరికి వారం పడుతుంది, కొందరికి నెల.

చాలామంది పిల్లలకు ఈ వయసులో ఇది మామూలే. కానీ తిండి రెండు మూడు రకాలకు మించి ముట్టకపోవడం, పిలిస్తే తిరగకపోవడం, మాటలు రాకపోవడం కూడా ఉంటే ఎవరో ఏదో అన్నారని ఆగొద్దు. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే సర్కారు పథకం) డాక్టర్లకు చూపించండి, లేదా పిల్లల డాక్టర్‌కు.

జవాబు – మర్రిగూడ

ఐసు ఆట ఎవరూ చెప్పలేదు. స్టీలు గిన్నెలో నీళ్లు పోసి మందారపూలు, పుదీనా ఆకులు వేసి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. పొద్దున ఐదు నిమిషాలు బయట ఉంచాకే ఇవ్వాలి, వెంటనే ఇస్తే వేళ్లకు అతుక్కుంటుంది. పెద్దోడికి ఉప్పు ఇచ్చి గడ్డ మీద చల్లమంటే చల్లిన చోటల్లా గుంతలు పడతాయి. ఉప్పు చల్లిన ఐసు చేత్తో పట్టుకోనివ్వొద్దు, చల్లదనానికి చర్మం కందిపోతుంది.

మాది ఫ్లోరైడ్ ఊరు కాబట్టి ఇంకోటి చెప్తాను. బోరు నీళ్లతో చేతులాడిస్తే ఏమీ కాదు, సమస్య మింగితేనే. కానీ ఐసు ఇస్తే పిల్లలు చప్పరించకుండా ఉంటారా? అందుకే ఐసుకు మిషన్ భగీరథ కింద సర్కారు శుద్ధి చేసి ఇచ్చే నల్లా నీళ్లే వాడతాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లను గడ్డకట్టించినా మరిగించినా అది ఎక్కడికీ పోదు.

జవాబు – నాగర్‌కర్నూల్, ఒక నాన్న

ముంజలు తిన్నాక కాయలు పారేస్తున్నారా? రెండు కాయల మధ్య పుల్ల గుచ్చి, దానికి పంగల కర్ర ఆనించి తోస్తే బండి. మా అపార్ట్‌మెంట్ వరండాలో మూడు బండ్లు తిరుగుతున్నాయి. పీచు పట్టుకుంటే గరుకు, గుజ్జు వేలు పెడితే జారుడు. రెండు రోజులకు వాసనొస్తుంది, పడేయండి.

జవాబు – నల్లగొండ

క్లాక్ టవర్ దిక్కు జ్యూస్ బండి దగ్గర బత్తాయి తొక్కలు అడిగితే సంచి నింపి ఇస్తారు. మన బత్తాయి జిల్లాలో వాటికి కరువేముంది? ఉప్పు నీళ్లలో బాగా కడగండి. అర్ధచెక్కలు నీళ్లలో పడవలు. తొక్క వంచి నొక్కితే సన్నటి తుంపర ఎగురుతుంది, గది అంతా వాసన. కళ్లకు దూరంగా పట్టుకోమనండి.

ప్రశ్న అడిగినవారు – పన్నెండు రోజుల తర్వాత

అందరికీ థాంక్స్. కిట్ కొనలేదు. కార్న్‌ఫ్లోర్ అరకిలో అయిపోయింది, పెద్దోడు గుద్దీ గుద్దీ గోడ మీదికి కూడా ఎగరేశాడు, ఓనర్ రాకముందే తుడిచాను. చిన్నది మొదటి నాలుగు రోజులు జిప్ కవరే నొక్కింది. ఐదో రోజు చెంచాతో సబ్జా గింజలు గిన్నెలోంచి గిన్నెలోకి మార్చింది. మొన్న ఒక గింజ చెంచా మీదే ఉండిపోతే వేలితో తోసేసి, వెంటనే పక్క గిన్నెలో చెయ్యి కడుక్కుని, మళ్లీ తోసింది. అలా ఎన్నిసార్లు చేసిందో లెక్కపెట్టలేదు. పెరుగన్నం మాత్రం ఇంకా ముట్టలేదు.

నూకల డబ్బా అత్తమ్మ ఒప్పుకుంది, కింద ఇంటివాళ్ల కోళ్లకు ఇస్తానన్నాక. బత్తాయి తొక్కలు సున్నిపిండిలోకి ఎండబెడతానని ఆమె స్లాబ్ మీద పెట్టింది. పొద్దుటి నుంచి నాలుగు తక్కువయ్యాయని వెతుకుతోంది. అవి బాత్రూం బకెట్లో తేలుతున్నాయి, నేనింకా చెప్పలేదు. ఇప్పుడు వెళ్లి తొక్కలు తీసి బకెట్ బోర్లిస్తాను.