జీర్ణోద్ధరణలో ‘ద్ధ’ ఎక్కడిది?

— గుళ్ల శాసనాల చివర వచ్చే శ్లోకంలో ‘ద్విగుణం పుణ్యం’ దాకా వచ్చు. తర్వాతిది ‘జీర్ణోద్ధరణం’, అంటే పాడైన గుడిని బాగుచేయడం, అనే గుర్తు. పూర్తి పాదం ఎవరైనా అందుకోండి.

— ‘స్వదత్తాద్ద్విగుణం పుణ్యం పరదత్తానుపాలనం’. ఇంకొకరిచ్చిన మాన్యం కాపాడటం గురించి. గుడి కట్టే ఊసే లేదు.

— శ్లోకం సరే, బోర్డుల మీద ‘జీర్ణోద్దరణ’ అని వత్తు మింగేస్తున్నారు. ఉత్ + హరణ, తత్ + హితం తద్ధితమైనట్టే. వత్తు పోతే హకారం జాడే పోతుంది.

— ఉత్ + ధరణ అన్నా అదే రూపం కదండీ. నిలబెట్టడమేగా పని, ధృ ధాతువే నయం.

— ఉద్ధరిణితో, అదే పూజ చెంచాతో, నీళ్లు నిలబెడతారా, పైకి తీస్తారా? హృ ధాతువే.

— వాడుకలో ‘నువ్వు ఉద్ధరించింది చాల్లే’ అనే వెటకారమే మిగిలింది. ఇంటికైతే ఎవరూ అనరు. తాటాకిల్లు ‘నేయించాం’, పెంకుటిల్లు ‘పెంకు తిరగేయించాం’, గోడల దాకా వస్తే ‘పడగొట్టి కట్టాం’.

— గుడికీ తేడా ఉంది. శ్రీకాళహస్తిలో రాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010లో కూలింది, 2017 నాటికి కొత్తది లేచింది. అది పునర్నిర్మాణం. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని విప్పి, చాలావరకు ఆ రాళ్లనే మళ్లీ పేర్చారు. జీర్ణోద్ధరణంటే అదీ. ఇలాంటి పనిలో విప్పే ప్రతి రాయికీ నంబరు వేయాలి. వరుసవారీ పటం లేకపోతే నంబరున్నా రాయి చోటు దొరకదు. కాకతీయుల ఇసుక పునాదిలో నీరు చేరి ఇసుక జారితే స్తంభాలు ఒరుగుతాయి. పునాది వదిలేసి పైరాళ్లు సర్దితే మళ్లీ అదే కథ.

— మరి పోతన భాగవతం? అందులో వేరేవాళ్లు రాసిన భాగాలున్నాయి: అయిదో స్కంధం గంగన, ఆరు సింగన, 11, 12 నారయ. ఉద్ధరించారా, నిర్మించారా?

— పూరించారు. పోతన రాళ్లు కదల్చలేదు. సింగన అజామిళోపాఖ్యానంలో అతుకే కనబడదు.

— నారయ దగ్గర కనబడుతుంది. మూలంలో కృష్ణుడు ఉద్ధవుడికి చేసిన ఉపదేశం ఎంత, తెలుగులో కుదించింది ఎంత!

— అన్నట్టు, ఉద్ధవుడి ‘ద్ధ’ కూడా హకారమే. ఉత్ + హవ, ‘హోమం చేయు’ అనే హు ధాతువు.

— ‘పిలుచు’ అనే హ్వే ఎందుకు కాకూడదు?