మోషన్‌లో రక్తం పడుతోంది, నొప్పి లేదు. పైల్సే అనుకుని ఊరుకోవచ్చా?

వెన్నెలదారి:

నమస్తే అండి. ఇంట్లో చెప్పుకోవాలంటే మొహమాటంగా ఉంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మగవాణ్ణి, 43 ఏళ్ళు. కొన్ని నెలలుగా మోషన్‌కి వెళ్ళినప్పుడు చివర్లో రక్తం పడుతోంది, చుక్కలు చుక్కలుగా, ఎర్రగా, తాజాగా. నొప్పి మాత్రం అస్సలు లేదు. కొన్నాళ్ళు పడుతుంది, ఆగిపోతుంది, హమ్మయ్య తగ్గిందిలే అనుకునేసరికి మళ్ళీ మొదలు. మొన్న కమోడ్‌లో నీళ్ళన్నీ ఎర్రగా అయిపోయేసరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. మలబద్ధకం ఎప్పటినుంచో ఉంది, చేసేది రోజంతా కూర్చునే పని. మందుల షాపులో అడిగితే పైల్స్ అయ్యుంటుందని ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చారు, రాస్తే తగ్గినట్టే ఉంటోంది.

నొప్పి లేదు కాబట్టి పెద్ద సమస్య కాదనుకోవచ్చా? డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆపరేషన్ అంటారేమోనని ఒక టెన్షన్, అసలు అక్కడ ఏం చూస్తారో, ఎలా చూస్తారో అని ఇంకో టెన్షన్. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

నీలిగువ్వ:

వెన్నెలదారి గారూ, మొహమాటపడాల్సింది ఏమీ లేదండి. ఇది చాలామందికి ఉంటుంది, బయటికి చెప్పరు అంతే.

నొప్పి లేదన్న ధైర్యంతో ఉన్నట్టున్నారు, ముందు ఆ ఒక్క మాట గురించే రాస్తాను. మలద్వారం అంచు నుంచి దాదాపు రెండు సెంటీమీటర్లు లోపలికి వెళ్తే ఒక సరిహద్దు ఉంటుంది. దాని కింది భాగానికి మన చర్మానికి ఉన్నట్టే నొప్పి తెలిసే నరాలు ఉంటాయి. దాని పైనున్న పేగు పొరకి కోసినా నొప్పి తెలియదు. లోపలి మొలలు, అంటే మీరన్న పైల్స్, ఆ సరిహద్దుకి పైన ఉంటాయి కాబట్టే నొప్పి లేకుండా రక్తం పడుతుంది. కానీ పేగు లోపలి పొర మీద బుడిపెలా పెరిగే పాలిప్ అయినా, క్యాన్సర్ గడ్డ అయినా ఉండేది కూడా ఆ పైనే, అవీ చాలాకాలం నొప్పి పెట్టవు. అందుకని నొప్పి లేదన్నంత మాత్రాన మొలలే అని తేలదు, భయం లేదనీ తేలదు.

ఆయింట్‌మెంట్ సంగతీ అంతే. కొన్నాళ్ళు పడటం, కొన్నాళ్ళు ఆగటం మొలల రక్తానికి మామూలే. పాలిప్ నుంచి వచ్చే రక్తం కూడా అలాగే వస్తూ పోతూ ఉంటుంది. ఆగే సమయానికి మనం ఏది రాసుకుంటూ ఉంటే పేరు దానికి వస్తుంది. దురదకీ మంటకీ అవి పనికొస్తాయి, కాదనను. కానీ స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ అయితే డాక్టర్ చెప్పకుండా వారం మించి వాడకండి, అక్కడి చర్మం పల్చబడిపోతుంది. ట్యూబు మీద ఏముందో ఒకసారి చదవండి.

నీళ్ళన్నీ ఎర్రబడటం చూసి మాత్రం అంత హడలిపోకండి. చెంచాడు రక్తం కలిసినా కమోడ్‌లో నీళ్ళు మొత్తం ఎర్రగా కనిపిస్తాయి, ఆ రంగును బట్టి ఎంత పోయిందో లెక్క కట్టలేం. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా, మెట్లెక్కితే ఇదివరకు లేని ఆయాసం వస్తోందా, ఇవి చూసుకోండి.

నైట్‌డ్యూటీ:

నేను సర్జరీ విభాగంలో డాక్టర్ని. నీలిగువ్వ గారు సరిగ్గా చెప్పారు, ఇంకొంచెం కలుపుతాను.

మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తటి కండ అందరికీ ఉంటుంది, మలాన్నీ గాలినీ ఆపి పట్టుకోవడంలో దానికీ పాత్ర ఉంది. ఏళ్ళ తరబడి ముక్కడం వల్ల, ఎక్కువసేపు టాయిలెట్‌లో కూర్చోవడం వల్ల, గర్భం వల్ల, వయసు వల్ల అది ఉబ్బి కిందికి జారుతుంది. వాటినే మొలలంటాం. రక్తం మాత్రమే పడుతూ బయటికి రాకపోతే మొదటి గ్రేడు. ముక్కినప్పుడు బయటికొచ్చి వాటంతటవే లోపలికి పోతే రెండు, వేలితో నెడితేనే పోతే మూడు, నెట్టినా పోకపోతే నాలుగు. ఆపరేషన్ అని భయపడుతున్నారు కదా, కత్తి పట్టే అవసరం ఎక్కువగా వచ్చేది మూడు, నాలుగు గ్రేడుల్లోనే. మిగతావాళ్ళలో చాలామందికి మలం మెత్తబడితేనే సర్దుకుంటుంది, లేదంటే ఓపీలోనే మొల మొదట్లో చిన్న రబ్బర్ బ్యాండ్ వేసి పంపించేస్తాం, రక్తం అందక అది ఎండి రాలిపోతుంది.

రక్తం ఎలా వస్తోందన్నది మాకు చాలా చెబుతుంది. మలం మామూలు రంగులో ఉండి, అంతా అయ్యాక తాజా రక్తం చుక్కలుగానో చిమ్మినట్టుగానో పడితే అది మలద్వారం దగ్గరిది అయ్యే అవకాశం ఎక్కువ. ముదురు ఎరుపుగా, మలంతో కలిసిపోయి వస్తే ఇంకాస్త పైనుంచి. మలమే తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో వస్తే సాధారణంగా కడుపులోనో చిన్నపేగు మొదట్లోనో పుండు నుంచి రక్తం కారుతున్నట్టు, దానికి రేపటిదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకీ మలం నల్లబడుతుంది కానీ అది జిగటగా ఉండదు, ఆ వాసనా ఉండదు. ఒక్క రంగుతోనే మేమూ తీర్పు చెప్పం. పురీషనాళంలో, అంటే పెద్దపేగు చివరి భాగంలో ఉన్న గడ్డ నుంచీ తాజా ఎర్ర రక్తమే వస్తుంది, అది చూసి పైల్స్ అనుకుని నెలల తరబడి క్రీములు రాసుకున్నవాళ్ళు మా దగ్గరికి వస్తుంటారు. అలాంటప్పుడు చాలా బాధేస్తుంది.

రక్తం ధారగా పడుతూ ఆగకపోయినా, గడ్డలు గడ్డలుగా వచ్చినా, కళ్ళు తిరిగి పడబోయినా, గుండె దడగా ఉండి చల్లటి చెమటలు పట్టినా అది ఎమర్జెన్సీ. తీవ్రమైన కడుపునొప్పి, జ్వరంతో పాటు రక్తం పడినా అంతే. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, లివర్ సిరోసిస్ ఉన్నవాళ్ళు కొంచెం రక్తాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు.

ఇప్పుడు మీరు నాకు కొన్ని చెప్పండి. ఈ మధ్య మోషన్ తీరు మారిందా, అంటే కొన్ని వారాలుగా మలబద్ధకం పెరగడమో, విరేచనాలు కావడమో, వెళ్ళొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపించడమో? జిగురు పడుతోందా? ప్రయత్నించకుండానే బరువు తగ్గారా? ఇంట్లో ఎవరికైనా పేగు సమస్యలు ఉన్నాయా? ఏ మందులు వాడుతున్నారు?

వెన్నెలదారి:

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ థాంక్స్ అండి. బరువు తగ్గలేదు, జిగురు లేదు. మలబద్ధకం పాతదే, కొత్తగా మారిందేమీ లేదు. మెట్లెక్కితే కాస్త ఆయాసంగా ఉంటోంది, వయసు వల్ల అనుకున్నాను. మా నాన్నగారికి 54 ఏళ్ళప్పుడు పెద్దపేగులో గడ్డకి ఆపరేషన్ అయింది, క్యాన్సరే అన్నారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. మందులంటే గుండె డాక్టర్ రాసిన ఆస్పిరిన్ రోజూ వేసుకుంటాను, నడుం నొప్పికి అప్పుడప్పుడూ పెయిన్ కిల్లర్.

నైట్‌డ్యూటీ:

ఇది చాలా ముఖ్యమైన సమాచారం. సూటిగా చెబుతాను, కంగారు పడొద్దు.

తండ్రికి గానీ తల్లికి గానీ తోడబుట్టినవాళ్ళకి గానీ పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, ఏ లక్షణాలూ లేకపోయినా 40 ఏళ్ళకే కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, మొదలుపెట్టమంటారు, లేదా వాళ్ళకి జబ్బు బయటపడిన వయసు కన్నా పదేళ్ళు ముందు, రెండిట్లో ఏది ముందైతే అది. మీకు 43. అంటే రక్తం పడకపోయినా మీరు చేయించుకోవాల్సిన పరీక్షే అది. రక్తం కూడా పడుతోంది కాబట్టి ఇక ఆలోచించే పని లేదు. ఇది కుటుంబ చరిత్ర ఉన్నవాళ్ళ లెక్క. లేనివాళ్ళకి అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్ళకే స్క్రీనింగ్, అంటే లక్షణాలు లేకుండానే ముందుగా చేసే పరీక్షలు, మొదలుపెట్టమని సూచిస్తున్నారు, అంతకుముందు 50 అనేవారు. చిన్న వయసులో ఈ క్యాన్సర్ కనబడటం పెరగడమే కారణం.

ఆయాసాన్ని వయసు ఖాతాలో వేయకండి. హిమోగ్లోబిన్ చూపించండి. మొలల వల్ల రక్తహీనత రావడం అంత మామూలు విషయం కాదు. హిమోగ్లోబిన్ తగ్గి ఉంటే, మొలలు కళ్ళెదుట కనిపిస్తున్నా సరే, పైన ఇంకేదైనా ఉందేమోనని వెతకాల్సిందే. మొలలు క్యాన్సర్‌గా మారవు, కానీ ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు, మొలలు కనిపించాయి కదాని వెతకడం ఆపేస్తే రెండోది దాక్కుంటుంది.

ఆ పెయిన్ కిల్లర్ ఆపండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కడుపులో, పేగులో రక్తస్రావాన్ని పెంచుతాయి, ఆస్పిరిన్‌తో కలిస్తే మరీను. ఆస్పిరిన్ మాత్రం గుండె డాక్టర్‌ని అడక్కుండా మీ అంతట మీరు ఆపకండి, అది వేరే ప్రమాదం.

కొండవాగు:

వెన్నెలదారి అన్నా, మీరు అడిగిన రెండో టెన్షన్ గురించి నేను చెబుతాను, నాకు ఆ పరీక్షలన్నీ అయ్యాయి కాబట్టి.

మొదట గదిలో ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకోమంటారు. దుప్పటి కప్పుతారు. చేతికి గ్లవ్, జెల్ రాసుకుని వేలితో చూస్తారు, ఆ తర్వాత ప్రాక్టోస్కోప్ అని చిన్న గొట్టం, దాంట్లోంచి లైటు వేసి చూస్తారు. మోషన్ వస్తున్నట్టు అనిపిస్తుంది, నిజంగా రాదు, ఆ అనిపించడమే ఇబ్బంది. నోటితో నెమ్మదిగా ఊపిరి వదులుతూ ఉంటే కండరం బిగుసుకోదు. నిమిషాల్లో అయిపోయింది. సిగ్గు అంటారా, ఆ డాక్టర్ నాతో మాట్లాడిన తీరుకి అది గుమ్మం దగ్గరే పోయింది.

కొలనోస్కోపీలో పరీక్ష కన్నా ముందురోజే కష్టం. ద్రవాలే తాగాలి, పేగు ఖాళీ అయ్యే మందు లీటర్ల కొద్దీ నీళ్ళలో కలిపి తాగాలి, ఇక బాత్రూమ్ పక్కనే ఉండాలి. చివరికి వచ్చేది లేత పసుపు నీళ్ళలా ఉంటే శుభ్రమైనట్టు. మధ్యలో విసుగొచ్చి మందు వదిలేయొద్దు, పేగు శుభ్రంగా లేకపోతే చిన్న పాలిప్ కనబడదు, మళ్ళీ మొత్తం చేయాల్సొస్తుంది. పరీక్షప్పుడు మత్తు ఇచ్చారు, లేచేసరికి అయిపోయిందన్నారు. ఆ రోజు బండి నడపకూడదు, తోడు ఎవరైనా ఉండాలి. పాలిప్ దొరికితే చాలావరకు అక్కడికక్కడే తీసేస్తారు. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్ళు పడుతుందట, అది తెలిశాక నాకు ఆ పరీక్ష మీద గౌరవం పెరిగింది.

నాకు చివరికి రెండో గ్రేడు మొలలే, బ్యాండ్ వేశారు. ఒకటి రెండు రోజులు బరువుగా, మోషన్ వచ్చినట్టుగా ఉంది. వారం పది రోజుల్లో బ్యాండ్ వేసిన మొల ఎండి రాలిపోయేటప్పుడు కాస్త రక్తం పడుతుందని ముందే చెప్పారు, అలాగే పడింది. కానీ జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, నొప్పి పెరుగుతూ పోయినా వెంటనే రమ్మన్నారు.

చిట్టిచిలుక:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు 28, డెలివరీ అయి కొన్ని నెలలైంది. నాకు దీనికి పూర్తి రివర్స్. రక్తం కొంచెమే, కాగితం మీద గీతలా. నొప్పి మాత్రం గాజు పెంకుతో కోసినట్టు, వెళ్ళొచ్చాక గంటసేపు కూర్చోలేను. ఆ భయానికి మోషన్ ఆపుకుంటున్నాను. ఇది కూడా పైల్సేనా?

నైట్‌డ్యూటీ:

చిట్టిచిలుక గారూ, మీరు చెప్పిన తీరు ఫిషర్‌కి సరిపోతోంది, అంటే మలద్వారం అంచున చర్మం చీలడం. చూడకుండా ఖాయం చేయలేను. ఆపుకోవడం మాత్రం దయచేసి మానండి. ఆపితే మలం ఇంకా గట్టిపడుతుంది, ఆ గట్టి మలం మళ్ళీ చీలుస్తుంది, నొప్పికి కండరం బిగుసుకుని పుండుకి రక్తం సరిగా అందదు, మానదు. మలం మెత్తబడటం, గోరువెచ్చని నీళ్ళ టబ్‌లో పది పదిహేను నిమిషాలు కూర్చోవడం, ఇవి రెండూ మొదలుపెట్టండి. కండరాన్ని సడలించే ఆయింట్‌మెంట్లు డాక్టర్ రాస్తారు, పాలిస్తుంటే ఆ సంగతి తప్పక చెప్పండి. ఒకవేళ నొప్పితో పాటు అంచున నీలంగా గట్టి ఉండ తగిలితే అది రక్తం గడ్డకట్టిన బయటి మొల. మొదటి మూడు రోజుల్లో చూపిస్తే దాన్ని తీసేసి నొప్పి తగ్గించొచ్చు, ఆ తర్వాత అయితే చాలావరకు దానంతటదే కరుగుతుంది.

నీలిగువ్వ:

ఫిషర్ అయినా మొలలైనా మొదటి మందు పీచే. రోజుకి 25 నుంచి 30 గ్రాములు అందాలి. తిండితో చాలకపోతే ఇసబ్‌గోల్ పొట్టు, కానీ నీళ్ళు సరిపడా తాగకుండా అది వేసుకుంటే ఇంకా బిగుస్తుంది. ఒక్కసారే పెంచితే గ్యాస్‌తో కడుపు ఉబ్బుతుంది, మెల్లగా పెంచండి. ఫోన్ టాయిలెట్‌లోకి తీసుకెళ్ళకండి, అయిదు నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయండి, మళ్ళీ వచ్చినప్పుడు వెళ్ళొచ్చు. కాళ్ళ కింద చిన్న పీట వేసుకుంటే ముక్కే పని తగ్గుతుంది.

వెన్నెలదారి:

ఇంట్లో చెప్పేశానండి. గ్యాస్ట్రో డాక్టర్ అపాయింట్‌మెంట్ ఈ వారమే దొరికింది, రక్త పరీక్షకి ఇవాళే ఇచ్చొచ్చాను. వెళ్ళేటప్పుడు ఏమేం తీసుకెళ్ళాలి? మా తమ్ముడికి 39, వాడికీ చెప్పాలా?

నైట్‌డ్యూటీ:

నాన్నగారి పాత ఆపరేషన్ కాగితాలు, బయాప్సీ రిపోర్ట్ దొరికితే అవి, మీరు వేసుకునే మాత్రల పట్టీలు అన్నీ. హిమోగ్లోబిన్ తగ్గిందని ఈలోగా ఎవరైనా ఐరన్ మాత్రలు మొదలుపెడితే ఆ మాట కూడా చెప్పండి, కొలనోస్కోపీకి కొన్ని రోజుల ముందు వాటిని ఆపమంటారు, లేకపోతే పేగు నల్లగా ఉండి సరిగా కనబడదు. తమ్ముడికి తప్పకుండా చెప్పండి, అతనికీ 40 దగ్గర పడింది. అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళకి కూడా.