కండోమ్ వాడితే హెర్పిస్, హెచ్‌పీవీ కూడా రావా?

మాది హైదరాబాద్, అమీర్‌పేట. నేనూ నా గర్ల్‌ఫ్రెండూ ప్రతిసారీ కండోమ్ వాడుతున్నాం. హెచ్ఐవీ, గనేరియా, క్లమీడియా నుంచి అది బాగానే కాపాడుతుందని తెలుసు. కానీ హెర్పిస్ (పొక్కులు తెచ్చే వైరస్), హెచ్‌పీవీ (పులిపిర్లు, కొన్ని క్యాన్సర్లు తెచ్చే వైరస్), సిఫిలిస్ మాత్రం కండోమ్ కప్పని చోట చర్మం తగిలినా అంటుకోవచ్చట. మరి ఇద్దరం టెస్టులు చేయించుకుంటే చాలా, హెచ్‌పీవీ టీకా కూడా వేయించుకోవాలా? మెడికల్ షాపులో అడుగుదామంటే ఆయన ప్యాకెట్‌ని నల్ల కవర్లో చుట్టి, మొహం చూడకుండా చిల్లర చేతిలో పెట్టేస్తాడు. ఇంకేం అడుగుతాం!

ఇంకోటి, కండోమ్‌కి కొబ్బరి నూనె రాసినా ఏం కాదంటాడు మా రూమ్మేట్. నూనె తగిలితే లేటెక్స్ (కండోమ్ రబ్బరు) బలహీనపడి చిరుగుతుంది కదా? మే ఎండలో స్కూటీ డిక్కీలో ఉండిపోయిన ప్యాకెట్ పారేయాల్సిందేనా?

పెళ్లయిందా అని ఆరా తీయకుండా ఈ టెస్టులు చేసే ప్రభుత్వ క్లినిక్ సిటీలో ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే హెచ్ఐవీ గురించే కాకుండా మిగతావాటి గురించి కూడా చెబుతారా?