వేమన పద్యంలో ఉన్నది ‘ఇనుమారు’నా, ‘ఇరుమారు’నా?

పొడిలోహం: లోహపు పొడిని లేజరుతో పొరపొరగా కరిగించి వస్తువు కట్టే పద్ధతి (ఒక రకం త్రీడీ ముద్రణ) మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. కరిగి గట్టిపడిన పొర మీద, కొత్త పొడి పరవకుండా, లేజరును ఇంకోసారి నడిపిస్తారు. ‘రీమెల్టింగ్’ అంటారు. దీనికి వేమన దగ్గర మాట ఉందని రెండు రోజులుగా మనసు పీకుతోంది. ‘ఇనుము విరిగెనేని... ముమ్మారు కాచి’. మధ్యలో ఇనుమారా, ఇరుమారా? రీమెల్టింగును ‘ఇనుమారు కాపు’, అంటే రెండు మార్లు కాచడం, అంటే చెల్లుతుందా?

ఆటవెలది: ఛందస్సు తీర్పు చెప్పదండీ. యినుమారు, యిరుమారు రెండూ సలమనే గణమే. యతి పడేది ‘యి’ మీద, కనుక అక్కడా చిక్కు లేదు. నా ఓటు ‘ను’కే. ‘ఇనుమడి’లో ఉన్న ‘ఇను’యే ఇది, రెండు అని అర్థం. వాడుకలో మరుగునపడ్డాక ఎవరో ‘ఇరు’ చేసి ఉంటారు. ‘మాఱు’కు బండి ఱ వేయడం మరవకండి.

కొలిమి: అక్షరం సంగతి సరే, అసలు పేచీ ‘కాచి’ దగ్గర. కమ్మరి ఇనుమును కరిగించడు. ఇనుము కరిగేది 1538 డిగ్రీల దగ్గర. అతుకుకు 1200–1300 డిగ్రీల దాకా, తెల్లగా మెరిసేలా కాచి, ఇసుకో వెలిగారమో చల్లుతాడు. పైనున్న చిట్టెం కరిగి జారిపోతుంది, దాగలి మీద దెబ్బకు రెండు ముక్కలూ ఒకటవుతాయి. లేజరు కింద ఉన్నది కరుగుమడుగు. దాన్ని కాపు అంటే శాస్త్రం చెడుతుంది.

పదసేకరణ: మరి వెన్న కాచి నెయ్యి చేస్తాం కదండీ, అక్కడ కరగడం లేదా? పదార్థం కోరిన స్థితికి వచ్చేదాకా వేడి మీద ఉంచడమే కాచడం.

కాంతిమాపకం: ‘ఇనుమారు’ను రీమెల్టింగుకు ఇవ్వకండి. పొర 30 మైక్రాన్లు, మడుగు లోతు 100 మైక్రాన్లు అనుకోండి. లేజరు నడిచిన గీత నడిమధ్యన ఏ బిందువైనా పై పొరలు వేసేటప్పుడు కూడా కరుగుతుంది, మొత్తం కనీసం మూడు మార్లు. అంటే ‘ఇనుమారు ముమ్మారు’ మామూలు ముద్రణలోనే జరిగిపోతోంది. రెండు గీతల సందులో మాత్రం మడుగు లోతు తక్కువ, అక్కడ ఒక్క మారుతోనే ఆగవచ్చు. పొరపొరకూ గీతల దిశను 67 డిగ్రీలు తిప్పడం ఇందుకూ పనికొస్తుంది.

పొడిలోహం: నిజమే, కానీ అక్కడికక్కడే మిశ్రలోహం చేసేటప్పుడు అది చాలదు. టైటానియం, నియోబియం పొడులు కలిపి పరిచామనుకోండి. ఒకటి 1668 డిగ్రీలకు, రెండోది 2477కు కరుగుతాయి. మడుగు బతికేది మిల్లీసెకనులో కొంత భాగమే. 40 మైక్రాన్ల నియోబియం రేణువు పూర్తిగా కరగదు, ద్రవ టైటానియంలో అంచులు మాత్రం అరుగుతాయి. కోసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే తెల్లటి చుక్కలు. పైగా సాంద్రత 4.5 ఒకదానిది, 8.6 మరొకదానిది. పరిచే బ్లేడు కదలికకే పొడులు విడిపోతాయి. రేణువు సన్నబరిస్తే త్వరగా కలుస్తుంది, మరీ సన్నమైతే పొడి జారదు. అందుకే పనిగట్టుకుని రెండోసారి కరిగించడం. దానికి వేరే పేరు కావాలి.

కాంతిమాపకం: పేరు వేరుగా ఉండాలన్నదానితో ఏకీభవిస్తాను, కారణం వేరు. లేజరు దారిలోనే ఫోటోడయోడు (వెలుగును పసిగట్టే గ్రాహకం) పెట్టి, 1070 నానోమీటర్ల లేజరు వెలుగును వడకట్టి, మడుగు మెరుపును నమోదు చేస్తాం. రెండో నడకలో పొడి లేదు, నిప్పురవ్వలు తగ్గుతాయి, సంకేతం నిలకడగా వస్తుంది. మొదటి నడక హద్దులతోనే దీన్ని తూస్తే లేని లోపాలు ఉన్నట్టు చూపుతుంది. రెండు నడకలకూ వేర్వేరు ప్రామాణికాలు కట్టాలి. ఇంకొకటి, మెరుపు మారితే వేడి మారిందనలేం. నియోబియం ఎక్కువైన చోట ఉద్గారత (వేడెక్కిన ఉపరితలం వెలుగు వెదజల్లే గుణం) కూడా మారుతుంది. రెండు రంగుల వెలుగును పోల్చి వేడి కొలిచే పైరోమీటరు కూడా, ఆ రెండు తరంగాల వద్దా ఉద్గారతల నిష్పత్తి మారదన్న ఊహ మీదే నిలబడింది.

ఆటవెలది: చూపుతో తేలనిది చెవితో తేల్చినవాడు వేమనే! ‘కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా’. రాగి, తగరం కలిసిన మిశ్రలోహాన్ని మోతను బట్టి గుర్తుపట్టడం కాదా అది?

కాంతిమాపకం: పీఠం కింద ధ్వని గ్రాహకం అంటించేది బీటల కోసం. పగులు పడ్డ క్షణం దొరుకుతుంది. మిశ్రమం కుదిరిందా లేదా అన్నది దానితో తేలదు.

కొలిమి: కలయికకు కావలసింది కాలం. నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కు మూసలో గంటల తరబడి కరిగి, నెమ్మదిగా చల్లారేది. లేజరు మడుగు సెకనుకు లక్ష నుంచి పది లక్షల డిగ్రీల చొప్పున చల్లారుతుంది. అందుకే ‘మరుకరుగు’ అనండి, ‘కాపు’ వద్దు.

పదసేకరణ: ‘మరుకరుగు’లో ఎన్నిసార్లన్నది లేదు. ‘ఇనుమారు’లో ఉంది.

ఆటవెలది: ఆ పద్యం మూడో పాదంలోనూ పాఠభేదం ఉంది. ‘మరి యంట నేర్చునా’ అని ఒకటి, ‘మరి చేర్చరాదయా’ అని ఇంకొకటి. అంటడం, చేర్చడం ఒకటి కావు. లోహానికి ఏది సరిపోతుంది, కొలిమి గారూ?